అప్‌డేట్ కొట్టాక అమ్మ వీణ పలచబడింది: మ్యూజిక్ సర్వర్ సాఫ్ట్‌వేర్ మారితే సౌండ్ మారుతుందా?

నల్లకుంట నాదం · ఆదివారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాసింది తక్కువ. ఈసారి రాయక తప్పలేదు.

నా సెటప్ పెద్దదేం కాదు. రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద మ్యూజిక్ సర్వర్, దానికి యూఎస్‌బీ డాక్ (అంకెల్ని ఆడియో సిగ్నల్‌గా మార్చే పెట్టె), మామూలు స్టీరియో యాంప్లిఫయర్, రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు. హాలు పన్నెండు బై పదకొండు. ఉన్న సీడీలన్నీ ఫ్లాక్ అనే రకం ఆడియో ఫైళ్లలోకి ఎక్కించి ఒక డిస్కులో పెట్టుకున్నాను. మూడేళ్లు సర్వర్ సాఫ్ట్‌వేర్ జోలికి పోలేదు. నిన్న సర్వర్ పేజీ తెరిస్తే పైన ఎర్రచుక్క, కొత్త వెర్షన్ ఉందని. చేతులు ఊరుకోవు కదా, నొక్కేశాను. ఆపరేటింగ్ సిస్టమ్‌తో సహా మారుతుందని కింద చిన్న అక్షరాల్లో ఉందట, తర్వాత చూశాను. నలభై నిమిషాలు తీసుకుంది. జీవితంలో మొదటిసారి ఒక తెలివైన పని చేసి, ముందే పాత మెమొరీ కార్డుకి కాపీ తీసి పెట్టుకున్నాను.

ఇవాళ పొద్దున అమ్మ వీణ పెట్టాను. 1991లో అమ్మ ఇంట్లో వాయిస్తుంటే మావయ్య టేప్‌రికార్డర్‌లో పట్టిన క్యాసెట్ అది. తర్వాత కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాం. ఆ వీణ ఇప్పటికీ మా హాల్లోనే, గోడవారన గుడ్డ కప్పుకుని ఉంది. అందుకని అది ఎలా మోగాలో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అన్నిటికంటే కింది శ్రుతి పలికే అనుమంద్రం తీగ మీటిన చోట సోఫా చెక్క మీద ఆనించిన మోచేతికి తెలిసేది. ఇవాళ తెలియలేదు. తీగ మోగుతోంది, కుండ మోగడం లేదు.

సౌండ్ నిజంగా మారిందా, నా చెవులు మారాయా? మా ఆవిడ ఓటు రెండోదానికే.

మల్కాజిగిరి మోనో · ఆదివారం రాత్రి 10:52

నా ఓటు ఫ్యానుకి. పాతది ఎప్పుడు విన్నారు, రాత్రి ఏసీలోనా? కొత్తది పొద్దున ఫ్యాను ఐదు మీద పెట్టుకుని విని ఉంటారు. ఆ గాలి హోరులో వీణ కుండేం ఖర్మ, మా ఇంట్లో ప్రెషర్ కుక్కర్ విజిల్ కూడా పలచబడుతుంది.

సైనిక్‌పురి రికార్డు · ఆదివారం రాత్రి 11:15

నాదం గారూ, మీ చెవులకేం కాలేదు. ప్రతి వెర్షన్‌కీ ఒక స్వభావం ఉంటుంది. నా సర్వర్ వేరేది, అయినా ఇదే అనుభవం. రెండు వెర్షన్ల క్రితం గాత్రం గది మధ్యలో నిలబడేది. తర్వాతి దాంట్లో గోడకి అతుక్కుపోయింది. మొన్నటి అప్‌డేట్‌తో మళ్లీ విశాలంగా విచ్చుకుంది. ఇప్పుడు 'బిట్లు బిట్లే' అంటూ ఒకాయన వస్తాడు చూడండి. ఆయన లెక్కలు వేస్తాడు, పాట వినడు. మీరు మాత్రం పాత కార్డు పెట్టేసుకుని హాయిగా ఉండండి.

మాదాపూర్ బిట్ · ఆదివారం రాత్రి 11:48

ఆ ఒకాయన వచ్చాడు.

నాదం గారూ, ముందు ఆ పెట్టె చేసే పనేంటో చూద్దాం. సర్వర్ డిస్కులోంచి ఫ్లాక్ ఫైల్ తీస్తుంది, విప్పి మామూలు పీసీఎంగా, అంటే వరస అంకెలుగా, మారుస్తుంది, లినక్స్‌లో ఆల్సా అనే భాగానికి అందిస్తుంది, అది యూఎస్‌బీ మీదుగా డాక్‌కి పంపుతుంది. ఫ్లాక్‌లో నష్టం ఉండదు. పైగా అసలు ఆడియో తాలూకు ఎండీ5 గుర్తు ఫైల్లోనే రాసి ఉంటుంది కాబట్టి, విప్పాక అంతా సరిగా వచ్చిందో లేదో ఎవరైనా సరిచూసుకోవచ్చు. దారిలో ఎవరూ చెయ్యి పెట్టకపోతే పాత వెర్షన్ పంపిన అంకెలే కొత్తదీ పంపుతుంది. ఈ అంకెకి మెరుపు ఎక్కువ, ఆ అంకెకి బేస్ తక్కువ అనేది ఉండదు.

కానీ చెయ్యి పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, అప్‌డేట్‌తో మారేది వాళ్లే. వాల్యూమ్ మిక్సర్, రీప్లేగెయిన్ (పాటల వాల్యూమ్ సమం చేసేది), రీశాంప్లింగ్ (శాంపిల్ రేటు మార్చడం), క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివర మీదికి తర్వాతిది కలిపేది), అసలు ఏ అవుట్‌పుట్‌కి పంపుతోంది అన్నది. కొత్త వెర్షన్ వేయగానే వీటిలో ఏదో ఒకటి ఫ్యాక్టరీ సెట్టింగ్‌కి వెళ్లిపోవడం మామూలే.

ఒక పని చేయండి. సీడీ నుంచి ఎక్కించిన పాట ఒకటి పెట్టి, అది మోగుతుండగా ఆల్సా హార్డ్‌వేర్ పారామీటర్ల ఫైల్ తెరవండి. అందులో రేట్ అన్న చోట ఎంత ఉంది? సీడీ పాట 44,100 దగ్గరే, అంటే సెకనుకి అన్ని శాంపిళ్ల దగ్గరే ఉండాలి.

నల్లకుంట నాదం · సోమవారం ఉదయం 7:20

48,000 ఉంది!

పైగా ఇది మా అమ్మాయి నిన్ననే కనిపెట్టింది, నేనే పట్టించుకోలేదు. డాక్ మీద చిన్న దీపం ఉంటుంది, 44.1కి పచ్చగా, 48కి నీలంగా. 'నాన్నా, లైటు కలర్ మారింది' అంది. కొత్త వెర్షన్ అందం అనుకున్నాను.

సైనిక్‌పురి రికార్డు · సోమవారం ఉదయం 7:31

చెప్పానా?

మాదాపూర్ బిట్ · సోమవారం ఉదయం 8:05

చెప్పారు, కానీ మీరు చెప్పిన కారణం వేరు. ఇది వెర్షన్ స్వభావం కాదు, తప్పుదారి పట్టిన అవుట్‌పుట్.

రాస్ప్‌బెర్రీ పై సొంత సిస్టమ్ 2023 అక్టోబరులో బుక్‌వార్మ్ అనే వెర్షన్‌కి మారినప్పుడు డెస్క్‌టాప్ ఆడియో పైప్‌వైర్ మీదికి వెళ్లింది. పైప్‌వైర్ పని, కంప్యూటర్లో అన్ని శబ్దాలనీ ఒక కుండలో కలిపి వడ్డించడం. వాట్సాప్ టింగుమనాలి, వీడియో మోగాలి, పాట రావాలి, అన్నీ ఒకే డాక్‌లోంచి. దానికి అందరినీ ఒకే రేటుకి తేవాలి, మామూలుగా 48,000కి. డెస్క్‌టాప్‌కి అది సరైన పనే. పాటల కోసమే పెట్టుకున్న పెట్టెలో దాని అవసరం లేదు. మీ సర్వర్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ 'డిఫాల్ట్' అని ఉండి ఉంటుంది. అది తీసేసి మీ డాక్ పేరుతో ఉన్న నేరు హార్డ్‌వేర్ దారి ఎంచుకోండి.

ఒక మాట ముందే చెప్తున్నా. మంచి రీశాంప్లర్ చేసే మార్పు చెవికి అందడం చాలా కష్టం. నేనే ఒకసారి ఇంట్లో ఏబీఎక్స్ చేసుకున్నాను. ఏ అంటే అసలుది, బి అంటే 48కి మార్చినది, ఎక్స్ అంటే ఆ రెంటిలో ఏదో ఒకటి, ఏదో మనకి తెలియదు, చెప్పాలి. 16 సార్లలో 9 సరిగ్గా చెప్పాను. నాణెం ఎగరేసినా అంతే వచ్చేది. 16కి 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే అప్పుడు ఏదో వినపడుతోందని ఒప్పుకోవాలి, ఊరికే గాలివాటంగా అన్ని రావడానికి అవకాశం నూటికి నాలుగు కూడా లేదు కాబట్టి. అందుకని రేట్ సరిచేశాక కూడా వీణ పలచగానే ఉంటే ఆశ్చర్యపోకండి.

బోయినపల్లి బాక్సు · సోమవారం ఉదయం 9:40

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. నాది స్క్వీజ్‌బాక్స్ అనే నెట్‌వర్క్ మ్యూజిక్ ప్లేయర్ల కాలం. 2006లో వాటిని చేసే స్లిమ్ డివైసెస్‌ని లాజిటెక్ కొన్నది, 2012లో ఆ పెట్టెల తయారీ ఆగింది. సర్వర్ సాఫ్ట్‌వేర్‌ని మాత్రం వాడేవాళ్లే బతికించుకుంటూ వచ్చారు, 2024లో లిరియన్ అని పేరు కూడా మార్చుకుంది. నా పెట్టె ఇంకా మోగుతోంది.

ఇన్నేళ్లలో నాకు ఎదురైన గోల సౌండ్ మారడం కాదు, క్రాస్‌ఫేడ్. ఒక అప్‌డేట్ తర్వాత అది దానంతటదే ఆన్ అయింది. సినిమా పాటలు వినేవాళ్లకి పెళ్లి బ్యాండులాగా బాగానే ఉంటుంది. నేను వినేది కచేరీలు. ఆలాపన ఒక ట్రాక్, తానం ఒక ట్రాక్, కీర్తన ఒక ట్రాక్. ఆలాపన చివర షడ్జం మీద గాయకుడు నిలబడి ఉండగానే తానం వచ్చి ఆయన్ని తోసేసింది. మూడు రోజులు సీడీయే పాడైందనుకున్నాను.

కోఠి కండెన్సర్ · సోమవారం మధ్యాహ్నం 2:10

నేను గుజరాతీ గల్లీ వెనక ముప్పై ఏళ్లుగా యాంప్లిఫయర్లు విప్పుతున్నా. సాఫ్ట్‌వేర్ సంగతి పిల్లలకే వదిలేస్తా. నా దగ్గరికి 'అప్‌డేట్ చేశాక పాడైంది' అని వచ్చే పెట్టెల్లో సగం పవర్ కేసులే.

ఏమైతదంటే, కొత్త వెర్షన్ వేయగానే సర్వర్ పాటలన్నీ మళ్లీ లెక్కపెట్టుకుంటది. వేల పాటలుంటే ఒక రాత్రంతా పడ్తది. అప్పుడు ప్రాసెసర్ మీద బరువు, కరెంటు ఎక్కువ లాగుతది. అడాప్టర్ ఫోన్‌దైతే వోల్టేజ్ కుంగుతది. రాస్ప్‌బెర్రీ పై బోర్డు 4.63 వోల్టుల కిందికి పోతే తక్కువ వోల్టేజ్ అని రాసి పెట్టుకుంటది, లాగ్‌లో చూస్కోండి. అప్పుడు పాట మధ్యలో టక్ టక్ అనుడు, ఒక్క క్షణం ఆగుడు ఉంటయి. ఆ రాత్రి విన్నవాళ్లు వెర్షన్ బాలేదంటరు. ఒక రోజు ఊరుకోండి, లెక్క అయిపోయినంక వినండి. పై 4కి 5 వోల్టులు 3 ఆంపియర్ల అడాప్టరే పెట్టాలె, చార్మినార్ దగ్గర వంద రూపాయలకు దొరికేది కాదు.

ఇంకొకటి, ఎర్తింగ్. ఈ ఎండల్ల మన ఇండ్లల్ల ఎర్త్ గొయ్యి ఎండి పోతది. ఉప్పు, బొగ్గు వేసిన గొయ్యిల నీళ్లు లేకపోతే అది గొయ్యే, ఎర్త్ కాదు. మలక్‌పేట నుంచి ఒకాయన స్పీకర్ల హమ్, అదే గుయ్యిమనే మోత, వస్తుందని మూడుసార్లు యాంప్లిఫయర్ మోసుకొచ్చిండు. నాలుగోసారి నేనే పోయి రెండు బకెట్లు నీళ్లు పోసిన. హమ్ పోయింది. పైసలు అడగడానికి సిగ్గేసింది.

నాదం తమ్మీ, నీకు హమ్, టక్కు ఏమీ లేవు, పలచన ఒక్కటే. అంటే ముందు లెవెల్ చూడాలె. మల్టీమీటర్ ఉందా? 100 హెర్ట్జ్ టోన్ పెట్టి స్పీకర్ టెర్మినల్స్ మీద ఏసీ వోల్టులు చూడు. వెయ్యి హెర్ట్జ్ పెట్టకు, చవక మీటర్లు ఇంట్ల కరెంటు కొలవడానికి చేసినవి, పైకి పోయినకొద్దీ అబద్ధాలు చెప్తయి. యాంప్లిఫయర్ నాబ్ ముట్టకుండ పాత కార్డుతో ఒకసారి, కొత్త కార్డుతో ఒకసారి.

నల్లకుంట నాదం · సోమవారం రాత్రి 9:30

అన్నా, చెప్పినట్టే చేశాను.

ముందు బిట్ గారు చెప్పిన అవుట్‌పుట్ మార్చాను. దీపం పచ్చగా వచ్చింది. వీణ మాత్రం ఇంకా పలచగానే ఉంది.

తర్వాత నెట్‌లో 100 హెర్ట్జ్ టోన్ దింపుకుని మీటర్ పెట్టాను. పాత కార్డు: 1.42 వోల్టులు. కొత్త కార్డు: 1.42 వోల్టులు. కార్డులు మార్చి మార్చి మూడుసార్లు చూశాను, మీటర్ ముల్లు ఉండి ఉంటే అరిగిపోయేది. అడాప్టర్ కంపెనీదే, లాగ్‌లో తక్కువ వోల్టేజ్ ఏమీ లేదు. ఎర్త్ గొయ్యిలో నీళ్లు కూడా పోశాను. వాచ్‌మన్ వింతగా చూశాడు.

లెవెల్ ఒకటే, రేట్ ఒకటే. మరి కుండ ఏమైనట్టు?

సైనిక్‌పురి రికార్డు · సోమవారం రాత్రి 9:44

అంకెలన్నీ సరిపోయాయి, చెవికి సరిపోలేదు. ఇక్కడే కదండీ నేను మొదలుపెట్టింది. బిట్లు ఒకటే కావచ్చు, అవి వచ్చే టైమింగ్ ఒకటేనా? ఆ టైమింగ్ అటూ ఇటూ ఊగడం, జిట్టర్ అనేది ఒకటుంది.

మాదాపూర్ బిట్ · సోమవారం రాత్రి 10:20

జిట్టర్ ఉంది, కాదనను. కానీ నాదం గారిది ఎసింక్రోనస్ యూఎస్‌బీ డాక్ అయితే గడియారం డాక్‌లోనే ఉంటుంది. 'ఇంత పంపు, కొంచెం ఆగు, మళ్లీ పంపు' అని డాక్ అడుగుతుంది, కంప్యూటర్ పంపుతుంది. పాలవాడు ఐదింటికి వచ్చినా ఐదున్నరకి వచ్చినా గిన్నెలో పాలుంటే కాఫీ టైముకే వస్తుంది. సర్వర్ వెర్షన్ మారితే డాక్ లోపలి గడియారపు క్రిస్టల్ మారదు. కంప్యూటర్ గడియారం మీద నడిచే పాత రకం కనెక్షన్లలో మీ అనుమానానికి చోటుంది.

మీరు రెచ్చగొట్టారు కాబట్టి ఇవాళ సాయంత్రం కూర్చుని ఇంకొకటి చేశాను. నా దగ్గరా అదే సర్వర్ ఉంది. పాత వెర్షన్ నుంచి డిజిటల్ అవుట్‌పుట్ నేరుగా రికార్డింగ్ ఇంటర్‌ఫేస్‌లోకి పట్టాను, ఇంటర్‌ఫేస్ గడియారాన్ని వచ్చే సిగ్నల్‌కే కట్టేసి. తర్వాత కొత్త వెర్షన్‌దీ అలాగే. అదనపు హంగులన్నీ రెంటిలోనూ ఆఫ్. మొదలు కలిపి, ఒకదాన్ని తలకిందులు చేసి రెంటినీ కూడాను. నాలుగు నిమిషాల పాట, ఒక్కో చానెల్‌కి 1,05,84,000 శాంపిళ్లు. మొత్తం సున్నా. ఒక్క శాంపిల్ తేడా లేదు.

కాబట్టి నాదం గారి ఇంట్లో ఏదో ఉంది, మా ఇంట్లో లేనిది. నాకు ఇంకా అంతుపట్టలేదు.

స్వరలహరి · సోమవారం రాత్రి 11:35

ఇప్పుడే స్టూడియో నుంచి వచ్చి మొత్తం చదివాను. ఒక ప్రశ్న: టోన్ ఫైల్ ఇవాళే దింపుకున్నారు కదా. వీణ ఫైల్ ఎప్పటిది?

కండెన్సర్ గారి మీటర్ తప్పు కాదు, టోన్‌ది తప్పు. కొలవాల్సింది వీణని, కొలిచింది టోన్‌ని. రీప్లేగెయిన్ అంటే ఒక్కో ఫైల్‌కి తగిలించిన చీటీ. ఇది గట్టిగా ఉంది, ఇంత తగ్గించు, ఇది మెల్లగా ఉంది, ఇంత పెంచు అని. పాటలో ఏమీ మారదు, చీటీ చదివిన ప్లేయర్ వాల్యూమ్ మారుస్తుంది. చీటీ లేని ఫైల్ ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. మీ టోన్‌కి చీటీ ఉండదు. వీణకి ఉందేమో చూడండి. ఎప్పుడైనా లైబ్రరీ మొత్తానికి ట్యాగ్‌లు వేసే ప్రోగ్రామ్ నడిపారా? క్యాసెట్ నుంచి ఎక్కించేటప్పుడు లెవెల్ బాగా పెంచి ఉంటే ఆ చీటీలో పెద్ద మైనస్ ఉంటుంది.

ఇక లెవెల్ తగ్గితే 'తగ్గింది' అనిపించాలి గానీ 'పలచబడింది' అని ఎందుకనిపించింది అంటారా. మన చెవి అన్ని శ్రుతుల్నీ ఒకేలా తూచదు. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని కొలిచి గీతలు గీసి చూపించారు. శబ్దం తగ్గేకొద్దీ కింది స్థాయి మిగతావాటికంటే ముందే చెవికి అందకుండా పోతుంది. అమ్మగారి వీణ మూడు శ్రుతికి దగ్గరగా ఉంటే అనుమంద్ర పంచమం 60 హెర్ట్జ్ చుట్టుపక్కల పడుతుంది. అంత కింద చెవి ముందే బద్ధకంగా ఉంటుంది. పై శ్రుతి తీగ సారణి మాత్రం బాగానే వినిపిస్తూ ఉంటుంది. మీరు మొదటి పోస్ట్‌లో సరిగ్గా అదే రాశారు, తీగ మోగుతోంది, కుండ మోగడం లేదని. నాకు అనుమానం వచ్చింది అక్కడే.

తేడా పెద్దగా ఉంటే వాల్యూమ్ అని చాలామంది చెప్తారు. అర డెసిబెల్, ఒక డెసిబెల్ దగ్గర ఇంకా తేలిగ్గా మోసపోతాం. తక్కువైందని అనిపించదు, జీవం పోయిందనిపిస్తుంది. స్టూడియోలో మిక్స్ చూపించేటప్పుడు క్లయింట్‌కి నచ్చాలంటే రెండోది ఒక్క డెసిబెల్ పెంచితే చాలు, 'ఇదీ అసలు మిక్స్' అంటారు. నేనూ చేశాను. పాపం తగిలితే తగలనీ.

నల్లకుంట నాదం · మంగళవారం ఉదయం 6:50

అక్కా, ఉంది చీటీ. మైనస్ 6.4 డెసిబెల్స్.

రెండేళ్ల క్రితం ఆల్బమ్ బొమ్మలు సరిచేసుకుందామని ఒక ట్యాగింగ్ ప్రోగ్రామ్ నడిపాను. అది బొమ్మలతో పాటు ఇది కూడా రాసి పెట్టింది. పాత వెర్షన్‌లో రీప్లేగెయిన్ ఆఫ్‌లో ఉంది కాబట్టి ఆ చీటీని ఎవరూ చదవలేదు. కొత్తదాంట్లో 'ఆటో' అని ఉంది.

లెక్క కూడా వేశాను. 6.4 డెసిబెల్స్ అంటే వోల్టేజ్ సగం కంటే తక్కువ, 0.48 వంతు. 1.42 కాస్తా 0.68 అవుతుంది. క్యాసెట్ ఎక్కించేటప్పుడు మావయ్య కొడుకు 'బాగా వినిపించాలి' అని చివరిదాకా పెంచేశాడు, దాని ఫలితం. సీడీల్లో పాత కచేరీలకి చీటీ చిన్నది, మైనస్ ఒకటి, కొన్నిటికి ప్లస్ కూడా ఉంది. అందుకే అవి బాగానే ఉన్నాయనిపించి, తప్పంతా వీణలోనే వెతికాను.

ఆఫీసుకి టైమైంది. సాయంత్రం ఆఫ్ చేసి విని చెప్తాను.

మల్కాజిగిరి మోనో · మంగళవారం ఉదయం 9:15

ఒక నిజం చెప్పనా. మొన్న నేను కూడా అప్‌డేట్ చేశాను. నాకు సౌండ్ బాగైంది. 'అబ్బ, ఏం వెర్షన్ రా' అని మా బావమరిదికి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఇది చదివి ఇప్పుడు వెళ్లి చూస్తే ప్రీయాంప్ (అన్ని పాటల వాల్యూమ్ కలిపి పెంచేది) ప్లస్ 3 అని ఉంది. బావమరిది ఈ వేదికలో లేడు కాబట్టి విషయం ఇక్కడితో ఆగుతుంది.

మాదాపూర్ బిట్ · మంగళవారం ఉదయం 10:05

స్వరలహరి అక్కకి దండం. ఫైల్‌కో చీటీ ఉంటుందని తెలిసి కూడా నాకు తట్టలేదు. నా టెస్టులో రీప్లేగెయిన్ నేనే ఆఫ్ చేశాను కదా, ఇంక సున్నా రాక ఏమొస్తుంది. దొంగని బయటికి పంపి ఇల్లంతా వెతికినట్టయింది.

రీప్లేగెయిన్ చెడ్డదేం కాదని కూడా రాసి పెడుతున్నా, రేపు ఎవరైనా ఈ థ్రెడ్ చూసి తిడతారు. రకరకాల ఆల్బమ్‌లు కలిపి వినేవాళ్లకి అది వరం. కచేరీలు వినేవాళ్లు 'ట్రాక్' కాకుండా 'ఆల్బమ్' పెట్టుకోవాలి, లేకపోతే మెల్లగా మొదలైన ఆలాపన, జోరుగా ఉన్న తని ఆవర్తనం (మృదంగం వాళ్లు విడిగా వాయించేది) ఒకే ఎత్తుకి వచ్చి కచేరీ చదునైపోతుంది. తగ్గించడం వల్ల వివరాలు పోతాయా అంటే, ఆరు డెసిబెల్స్‌కి ఒక బిట్ లెక్క. అవుట్‌పుట్ 24 బిట్‌లలో వెళ్తుంటే దాని గురించి బెంగ అక్కర్లేదు. 16లోనే వెళ్తుంటే కాస్త ఆలోచించాలి.

సైనిక్‌పురి గారికి ఒకటి ఒప్పుకోవాలి. సర్వర్ పాటని ఉన్నది ఉన్నట్టు పంపకుండా తానే అప్‌శాంప్లింగ్ (శాంపిల్ రేటు పెంచడం), ఫిల్టర్లు, రూమ్ కరెక్షన్ లాంటివి చేస్తుంటే, అప్‌డేట్ నిజంగానే సౌండ్‌ని మార్చగలదు. ఫిల్టర్ రకం మారితే తరంగమే మారుతుంది. సార్, మీ దాంట్లో అలాంటివేమైనా ఉన్నాయా?

సైనిక్‌పురి రికార్డు · మంగళవారం మధ్యాహ్నం 1:20

రూమ్ కరెక్షన్ ఉంది. మా హాల్లో ఒక మూల 45 హెర్ట్జ్ దగ్గర గుయ్యిమంటుంది. మైకు పెట్టి కొలిచి మా అబ్బాయి అమర్చి ఇచ్చాడు, పోయిన దసరాకి వచ్చినప్పుడు. ఎందుకు అడుగుతున్నారు?

మాదాపూర్ బిట్ · మంగళవారం మధ్యాహ్నం 1:34

మొన్నటి అప్‌డేట్ తర్వాత అది ఇంకా పనిచేస్తోందా? సర్వర్ పేజీలో కన్వల్యూషన్ అన్న చోట ఫిల్టర్ ఫైల్ పేరు కనిపించాలి. కొన్ని సెటప్‌లలో ఒక్కో శాంపిల్ రేట్‌కి ఒక్కో ఫైల్ ఉంటుంది, ఒకటి దొరక్కపోతే ఏ హెచ్చరికా లేకుండా కరెక్షన్ మానేస్తుంది.

సైనిక్‌పురి రికార్డు · మంగళవారం సాయంత్రం 6:05

ఖాళీగా ఉంది.

అమెరికాలో అబ్బాయిని నిద్ర లేపి అడిగాను. ఫైల్ ఉన్న ఫోల్డర్ అప్‌డేట్‌లో వేరే చోటికి వెళ్లిందట. అంటే 'విశాలంగా విచ్చుకుంది' అని నేను ఇక్కడ రాసింది ఆ మూల గుయ్యిమనడాన్నే. ఒప్పుకుంటున్నాను. ఫిల్టర్ మళ్లీ పెట్టి వింటే బేస్ బిగువుగా ఉంది, విశాలం పోయింది. ఏది నచ్చిందో ఇంకా తేల్చుకోలేదు.

రెండు వెర్షన్ల క్రితం గాత్రం సంగతి మాత్రం వేరు. అప్పటికి ఈ ఫిల్టరే లేదు. దాని మీద నా మాట నాదే.

కోఠి కండెన్సర్ · మంగళవారం సాయంత్రం 6:40

సార్, మీ మాట మీరు ఉంచుకోండి, తప్పు లేదు. కానీ చెవి ఏదో పట్టిందనేది నిజం, ఇద్దరి కేసులో కూడా. కారణం చెప్పుడే తప్పింది. నా దగ్గరికి వచ్చే కస్టమర్‌ది కూడా ఇంతే. 'కండెన్సర్ పోయింది' అంటడు. పోయింది కండెన్సర్ కాదు, ఏదో పోయింది మాత్రం నిజం. ఎగతాళి చేసి పంపితే అసలు ఫాల్ట్ దొరకది.

నల్లకుంట నాదం · మంగళవారం రాత్రి 10:15

సాయంత్రం వచ్చి రీప్లేగెయిన్ ఆఫ్ చేశాను. అమ్మకి ఏమీ చెప్పలేదు. వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. హాల్లో వీణ పెట్టి, యాంప్లిఫయర్ నాబ్ ఎప్పుడూ ఉండే పదిగంటల గుర్తు మీదే ఉంచాను. అనుమంద్రం రాగానే మోచేతికి తెలిసింది. కార్డు మార్చి పాత వెర్షన్‌లో కూడా పెట్టాను. నాకైతే తేడా తెలియలేదు. మా అమ్మాయిని కళ్లు మూసుకోమని అడిగితే, 'లైటు చూడకుండా ఎలా చెప్పమంటావు' అంది.

కీర్తన సగంలో అమ్మ చేట పక్కన పెట్టి హాల్లోకి వచ్చింది. నిలబడి వింది. తర్వాత అంది: 'ఆ మూడో సంగతిలో నా మీటు జారిందిరా. ఆరోజు మీ మావయ్యకి మళ్లీ పట్టమని చెప్పాను, టేపు అయిపోయిందన్నాడు. మొన్న పెట్టినప్పుడు వినపళ్లేదు, సరేలే ఎవరికీ తెలియదనుకున్నాను.'

ఇప్పుడు ఆ ఒక్క కీర్తన మళ్లీ వాయించి రికార్డు చేయమంటోంది. తీగలు మార్చాలి, మెట్లు నిలిపే మైనం కూడా పగిలింది, మెట్లు రెండు కదులుతున్నాయి. హాల్లో రికార్డింగ్‌కి మైకు ఎక్కడ పెట్టాలి అక్కా, కుండ దగ్గరా, మెట్ల దగ్గరా?

స్వరలహరి · మంగళవారం రాత్రి 10:50

ముందు మైనం వేయించండి, మైకు తర్వాత. కుండకి అడుగున్నర దూరం, మీటే చేతికి కొంచెం పక్కగా. ఫ్యాను ఆపాలి, మోనో గారు చెప్పింది ఇక్కడ పనికొస్తుంది. మిగతాది వేరే థ్రెడ్ తెరిచి అడగండి, అక్కడ రాస్తాను. ఎక్కించేటప్పుడు మాత్రం లెవెల్ మీ మావయ్య కొడుకు చేతికి ఇవ్వకండి.